తక్కెడ పట్టే హక్కు

ఉప్పు మోసి అమ్మినవారు ఉప్పు ఎరుకలవారు. కరివేపాకు అమ్మినవారు కరివేపాకు ఎరుకలవారు. వెదురు చీల్చి తట్టలూ బుట్టలూ అల్లి అమ్మినవారు డబ్బా ఎరుకలవారు. దక్షిణ భారత కులాలు, తెగలపై ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన సంపుటాలలో ఇటువంటి శాఖల పేర్లు కనిపిస్తాయి. ఆ సంపుటాలు వెలువడిన రెండేళ్ళకే, 1911లో, నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజధానికి వర్తించింది. అంతవరకు అమ్మే సరుకు పేరుతో పిలువబడినవారు ఆ తర్వాత నేరం పేరుతో పిలువబడసాగారు. మరో రెండు మూడేళ్ళకు బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గం పక్కన వారి కోసం ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. అదే స్టూవర్టుపురం.

ముస్లిం మైనారిటీల హక్కుల కోసం నడిచే పత్రికలో ఎరుకలవారి ఊరి ప్రస్తావన ఎందుకని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఈ నెల మేము రాయదలచినది సంతలో, రైతు బజారులో, వీధి మలుపులో గంప దించుకుని కూర్చునే చిన్న వ్యాపారి గురించి. ఆ వ్యాపారి చేతిలోని తక్కెడను లాగేసుకుంటే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి తెలుగు నేల మీద స్టూవర్టుపురం కంటే స్పష్టమైన పాఠం మాకు కనిపించలేదు.

కోస్తా తీరపు ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ప్రాంతాలకు చేర్చి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చి అమ్మడం ఎరుకలవారి వృత్తులలో ప్రధానమైనది. ఉప్పు మీద కంపెనీ ప్రభుత్వం గుత్తాధిపత్యం ఏర్పరచుకున్నది. ఆ తరువాత 19వ శతాబ్దం రెండవ సగంలో రైలు వచ్చింది. నెలరోజుల ప్రయాణంలో గాడిదల బిడారు చేర్చే సరుకును గూడ్సు బండి రెండు రోజుల్లో చేర్చింది. అడవుల చట్టాలు వెదురును, మేతను అందకుండా చేశాయి. బేరం పోయింది గాని తిరుగుడు పోలేదు. సరుకు లేకుండా ఊళ్ళ మీద తిరిగే మనిషి దొర కంటికి దొంగగా కనిపించాడు. 'వీరు నేరస్థులు' అని చట్టం రాసినప్పుడు వీరి బేరం ఎలా పోయిందన్న ప్రశ్నకు అందులో చోటు దొరకలేదు.

సెటిల్‌మెంటులో హాజరు పిలుపు ఉండేది. ఊరు దాటాలంటే పాసు కావాలి. కొందరికి సాగుకు భూమి ఇచ్చారు, మరికొందరిని చీరాలలోని పొగాకు కంపెనీలో కూలికి పంపారు. పాసు లేనిదే గడప దాటలేని మనిషి సంతకు ఏం పోగలడు? ఏ ఊళ్ళో ఏ ధర పలుకుతున్నదో ఎలా తెలుసుకోగలడు? వర్తకం అంటేనే కదలిక. కదలికను నేరంగా మార్చిన చట్టం నాలుగు దశాబ్దాలకు పైగా నడిచి 1952 ఆగస్టు 31న రద్దయింది. దేశమంతటా ఆ తేదీని విముక్త జాతుల దినంగా నేటికీ జరుపుకుంటున్నారు. స్టూవర్టుపురంలో హేమలతా లవణం వంటివారు ఏళ్ళ తరబడి చేసిన సంస్కరణ కృషిని మేము గౌరవంతో స్మరిస్తున్నాము. అయితే చట్టం కాగితం మీద రద్దయినంత సులువుగా జనం నోటి మీద రద్దు కాలేదు. ఆ ఊరి పేరు సినిమాలకెక్కింది, సామెతలా వాడుకలో పడింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ సామెతను మన ఇళ్ళలోనూ వాడుతున్నాము. పిల్లవాడు అల్లరి చేస్తే ఆ ఊరి పేరు పెట్టి తిడతాము. కూరలమ్మే ఆవిడ ఏ ఊరినుంచి వచ్చిందో అడిగి, జవాబు వినగానే సంచీ దగ్గరకు లాక్కునే తల్లులు మన వీధుల్లోనూ ఉన్నారు. రేపు మన పేరు విని మరొకరు సంచీ దగ్గరకు లాక్కుంటే నొచ్చుకునే హక్కు మనకు ఎంతవరకు ఉంటుంది?

ఆ 'రేపు' వచ్చి కొన్నేళ్ళయింది కూడా. 2020 వసంతంలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్తల తర్వాత దేశంలోని అనేక పట్టణాలలో తోపుడుబండి మీద కూరగాయలు, పండ్లు అమ్మే ముస్లింలను పేరడిగి వెనక్కు పంపిన ఘటనలు నమోదయ్యాయి. ఒక రోగాన్ని ఒక మతానికి అంటగట్టినప్పుడు మొదటి దెబ్బ తిన్నది ఏ నాయకుడూ కాదు, ఏ సంస్థా కాదు. రోజుకు ఒక బండి సరుకు అమ్ముకుంటేనే పొయ్యి వెలిగే మనిషి. 2022లో కర్ణాటకలో ఆలయ జాతరల నుంచి ముస్లిం వ్యాపారులను తొలగించాలన్న ప్రచారం సాగింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ధార్వాడ సమీపాన ఒక గుడి ముందు ఏళ్ళ తరబడి పుచ్చకాయలు అమ్ముకుంటున్న వృద్ధుని సరుకును నేలకేసి కొట్టారు. నేల మీద చితికిన ఆ ఎర్రని పండ్ల దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2024 జులైలో ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో యాత్రామార్గం వెంట తినుబండారాల దుకాణాలవారు, బండ్లవారు తమ పేర్లు బోర్డు మీద రాయాలని అధికారులు ఆదేశించారు. ఏ ఆహారం అమ్ముతున్నారో చెప్పమనవచ్చు గాని యజమాని పేరు రాయమని బలవంతపెట్టరాదంటూ సుప్రీంకోర్టు 22వ తేదీన ఆ ఆదేశాలను నిలిపివేసింది.

మన రాష్ట్రానికి ఇవి పరాయి కథలని అనుకోనక్కర లేదు. శ్రీశైలంలో దేవస్థానం దుకాణాల లీజులలో, వేలాలలో హిందువులు కానివారు పాల్గొనరాదని 2015లో జారీ అయిన ప్రభుత్వ ఉత్తర్వు ఆధారంగా, తరతరాలుగా అక్కడ చిన్న కొట్లు నడుపుకుంటున్న ముస్లిం కుటుంబాలు వీధిన పడే స్థితి వచ్చింది. హైకోర్టులో వారికి ఊరట దక్కలేదు. 2020లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మతం కారణంగా ఎవరినీ వేలం నుంచి, లీజు నుంచి మినహాయించరాదని 2021 డిసెంబరులో స్పష్టం చేసింది. ఆ ఆదేశం కాగితాన్ని జిరాక్సు తీయించి దగ్గర పెట్టుకొమ్మని ఆలయ పట్టణాలలో కొట్లున్న సోదరులకు మా సలహా.

మనకు ఈ విషయం ఇంత ముఖ్యం ఎందుకు? సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో ముస్లిం కార్మికులలో 61 శాతం స్వయం ఉపాధి మీద బతుకుతున్నారు. స్థిరమైన చోటు లేకుండా వీధుల్లో అమ్ముకునేవారు మొత్తం పురుష కార్మికులలో 8 శాతానికి లోపే ఉండగా, ముస్లిం పురుష కార్మికులలో 12 శాతానికి మించి ఉన్నారు. ఉద్యోగం లేక, భూమి లేక, చేతిలో మిగిలింది తక్కెడ ఒక్కటే. మన రాష్ట్రంలో 2007 నాటి బీసీ-ఇ జాబితా తీసి చూడండి. అత్తరు సాయిబులు, ఫకీరు సాయిబులు, గారడీ సాయిబులు, కసాయివారు, తురక కాశవారు. బీసీ-బిలో దూదేకులవారు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల అన్న పేర్లకూ వీటికీ ఉన్న చుట్టరికం వేరే చెప్పాలా? చేసే పని పేరే కులమైన జనం మనం.

ఇక రైతు బజారు సంగతి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. పంజాబులో 1987 నుంచే 'అప్నీ మండీ' నడుస్తున్నది. మనల్ని చూసి అదే సంవత్సరం నవంబరులో తమిళనాడు మధురైలో 'ఉళవర్ సందై' తెరిచింది. దళారి లేకుండా పండించినవారే నేరుగా అమ్ముకోవాలి, అద్దె ఉండదు, కమీషను ఉండదు, ధర టోకు ధర కంటే కొంత ఎక్కువగా, బయట చిల్లర ధర కంటే కొంత తక్కువగా ఉంటుంది. బజారు చుట్టుపక్కల పది, పదిహేను గ్రామాలను ఎంపిక చేసి, రెవెన్యూ, ఉద్యాన, వ్యవసాయ శాఖల అధికారులు కూరగాయల రైతులను గుర్తించి ఫోటోతో కార్డులు ఇస్తారు. ఆ ప్రాంతంలో పండని ఉల్లి, బంగాళదుంప వంటివి అమ్మడానికి మహిళా సంఘాలకు చోటిస్తారు. ఉద్దేశం మంచిది. దాదాపు పాతికేళ్ళు దాటినా ఆ బజార్లు నిలిచి ఉన్నాయంటే వాటిలో సత్తా ఉన్నదనే అర్థం.

చిక్కంతా ఆ కార్డు దగ్గర. రైతు అంటే ఎవరు? పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడేనా, మట్టి పిసికినవాడా? బాపట్ల, చీరాల నడుమ సముద్రం ఒడ్డు ఇసుక నేలలు ఒక అద్భుతం. గట్టిగా నాలుగు అడుగులు తవ్వితే మంచినీళ్ళ చెలమ పడే ఆ నేలలో దొరువులు తవ్వి, కడవలతో నీళ్ళు చల్లి ఆకుకూరలు, కూరగాయలు, వేరుశనగ పండిస్తారు. ఆ దొరువుల సాగు మీద బాపట్లలో శాస్త్రవేత్తలు పరిశోధనలు చేసి పద్ధతులు మెరుగుపరిచారు. అయితే ఆ కడవ మోసేది ఎవరు? చాలాచోట్ల అరెకరం, పాతిక సెంట్లు నోటిమాట మీద కౌలుకు తీసుకున్న కుటుంబం. అందులో ఎరుకలవారున్నారు, దూదేకులవారున్నారు, షేకులున్నారు, మాదిగవారున్నారు. కౌలు కాగితం ఉండదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తామన్నది గాని దానికి భూమి యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు దక్కదని సాగుదారు భయం. ఈ రెండు భయాల మధ్య రైతు బజారు కార్డు ఇరుక్కుపోయింది.

ఫలితం ఏమిటో చూడాలంటే తెల్లవారుజామున ఏ రైతు బజారు గేటు దగ్గరైనా గంటసేపు నిలబడితే చాలు. పండించిన మనిషి గేటు బయట డ్రైనేజీ పలక మీద గోనె పరిచి తోటకూర, గోంగూర కట్టలు పేరుస్తుంది. పండించని మనిషి, తన బావ పేరుతోనో ఊళ్ళోవాళ్ళ పేరుతోనో ఉన్న కార్డు మెడలో వేసుకుని, హోల్‌సేలు మార్కెట్టులో వేలంలో పాడుకున్న టమాటా మూటలతో లోపల ఫ్యాను కింద కూర్చుంటాడు. అందరూ అలా ఉన్నారని మేము అనడం లేదు. కాని బినామీ కార్డుల మీద అధికారుల తనిఖీలు ఏటా ఎందుకు జరుగుతున్నాయో ఆలోచించండి. మారుబేరగాళ్ళను ఏరివేయాలని నినదించినప్పుడల్లా వేటు పడేది మాత్రం బయట ఉన్న ఆ గోనె మీదే. లోపలివాడి దగ్గర కార్డు ఉన్నది కదా!

దీనికి పరిష్కారం దూరాన లేదు. ఈ-పంట నమోదులో సాగుదారు పేరు, సర్వే నంబరు, వేసిన పంట ఎక్కుతున్నాయి. ఆ నమోదునే రైతు బజారు కార్డుకు ఆధారంగా తీసుకోవచ్చు. యజమాని సంతకంతో పని లేదు. ఇరవై సెంట్లలో ఆకుకూరలు వేసినావిడ పేరు కూడా అందులో ఎక్కేలా గ్రామ వ్యవసాయ సహాయకుడు ఆ మడి దగ్గరకు వెళ్ళవలసి ఉంటుంది, అంతే. వరి, పత్తి వంటి పెద్ద పంటలకు జరిగే నమోదు కూరమళ్ళకు ఎందుకు జరగదు? 2022 ఏప్రిల్ 4న బాపట్ల వేరే జిల్లా అయింది. రేపల్లె ఆ జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. కాని రేపల్లె నుంచి తెనాలికి రైలు పట్టాలు వేసినవారు జిల్లా సరిహద్దు చూసి వేయలేదు. గంప ఎత్తుకునే ఆవిడా జిల్లా చూసి ఎక్కదు, రైలు చూసి ఎక్కుతుంది. గ్రామాల ఎంపికలో ఈ పాత దారులను లెక్కలోకి తీసుకోవాలని రెండు జిల్లాల జాయింట్ కలెక్టర్లను మేము కోరుతున్నాము.

గేటు బయట కూర్చున్నవారికి చట్టం లేదని అనుకోకండి. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం వారి కోసమే. సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. చోటు మార్చవలసివస్తే ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. పాడైపోయే సరుకైతే, అంటే మన కూరలూ పండ్లూ అయితే, జరిమానా కట్టించుకుని అదే రోజు తిరిగి ఇవ్వాలి. మున్సిపల్ బండి ఎత్తుకుపోయిన టమాటాలు మర్నాటికి రసం కారుతున్న స్థితిలో దక్కితే అది అధికారి దయ కాదు, చట్టానికి జరిగిన ఉల్లంఘన. పట్టణ వెండింగ్ కమిటీలో నలభై శాతం మంది వ్యాపారులే ఉండాలి. వారిలో మూడోవంతు మహిళలు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులతోపాటు మైనారిటీలకూ తగిన ప్రాతినిధ్యం ఉండాలని చట్టమే చెబుతున్నది. మీ పట్టణంలో ఆ కమిటీ ఉన్నదా, ఉంటే అందులో మనవారెవరు, చివరిసారి ఎప్పుడు సమావేశమైంది? సమాచార హక్కు దరఖాస్తు రాసేందుకు పది రూపాయలు, అరగంట చాలు.

ఈ చట్టానికి రెండు పెద్ద కంతలున్నాయి. పట్టణాలకే ఇది వర్తిస్తుంది గనుక పల్లె సంతలో ఆశీలు పాట పాడుకున్న కాంట్రాక్టరు గంపకు ఎంత వసూలు చేసినా అడిగే నాథుడు లేడు. రెండవది, రైల్వే స్థలాలకు, రైళ్ళకు ఇది వర్తించదని మొదటి సెక్షనులోనే రాశారు. రైలు దయ మీద బతికే స్టూవర్టుపురం, బాపట్ల, తెనాలి వంటి చోట్ల ఇది చిన్న మాట కాదు. జామకాయల బుట్టతో పాసింజరు ఎక్కిన మనిషి రైల్వే చట్టం 144వ సెక్షను కింద నేరస్థుడవుతాడు. ఒకనాడు ఉప్పు బిడారును చంపిన రైలు ఈనాడు జామకాయల బుట్టను కూడా నేరం చేసింది. ముద్దాయి ఎరుకలవాడైతే, తురకవాడైతే కేసు ఎంత త్వరగా కడతారో పాఠకులకు వివరించనక్కర లేదు. అలవాటు నేరస్థుల పేరుతో విముక్త జాతులను వేధించే ధోరణిని 2024 అక్టోబరు 3న జైళ్ళలో కులవివక్ష కేసు తీర్పులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. తీర్పు ప్లాట్‌ఫారం దాకా రావడానికి మరెన్నేళ్ళు పడుతుందో!

పెట్టుబడి మాట. ఉదయం తొమ్మిది వందలు చేతిలో పెట్టి సాయంత్రానికి వెయ్యి వసూలు చేసే రోజువారీ వడ్డీ మన మార్కెట్లన్నిటా తెలిసినదే. రోజుకు వంద. నెలకు మూడు వేలు, తొమ్మిది వందల అసలు మీద! 2020లో మొదలైన ప్రధానమంత్రి స్వనిధి కింద మొదటి విడత పదివేల రుణం ఇచ్చేవారు. అదే ఏడాది రాష్ట్రంలో చిరువ్యాపారులకు సున్నా వడ్డీకి పదివేల పథకం కూడా వచ్చింది. అందుకున్నవారు బాగుపడ్డారు. అయితే వడ్డీ మాట వినగానే బ్యాంకు మెట్లు ఎక్కని ధార్మిక కుటుంబాలు మనలో ఉన్నాయి. వారి నిష్ఠను మేము గౌరవిస్తాము. కాని బ్యాంకు వడ్డీకి వెనుకాడిన చేయి రోజువారీ వడ్డీవాడి ముందు చాచవలసివస్తున్నదంటే ఆ పాపంలో సముదాయానికి భాగం లేదా? మన మసీదు కమిటీలు రంజాన్‌లో జకాత్ సొమ్మును చీరలుగా, బియ్యం సంచులుగా పంచుతాయి. అందులో కొంత భాగంతో వీధి వ్యాపారికి కాటా కొనివ్వవచ్చు, వారం పెట్టుబడి చేతిలో పెట్టవచ్చు. చందాలతో వేరుగా వడ్డీలేని అప్పుల నిధి పెట్టవచ్చు. ఆ నిధి తలుపు ఎరుకల ఆడబిడ్డకూ తెరిచి ఉండాలన్నది మా అభిప్రాయం. ఇది వాదనకు దారితీస్తుందని తెలిసే రాస్తున్నాము.

మదీనాకు వలస వచ్చిన దైవప్రవక్త (స) అక్కడ ముస్లింల కోసం ఒక అంగడి ఏర్పాటు చేశారనీ, అందులో సుంకం విధించలేదనీ చరిత్ర గ్రంథాలు చెబుతాయి. మసీదులో ముందు వచ్చినవారిది ముందు చోటు అయినట్లే అంగడిలో కూడా ముందు వచ్చినవారిది ఆ రోజుకు ఆ చోటు అనే ఆచారం ఖలీఫాల కాలంలో నిలిచింది. బిడారు అంగడి చేరకముందే దారిలో ఎదురేగి, ధర తెలియని పల్లెటూరివాని దగ్గర సరుకు కొనెయ్యడాన్ని ప్రవక్త నిషేధించారు. నేటి భాషలో చెప్పాలంటే, ఊరి పొలిమేరలో ట్రాలీ ఆటో ఆపి సగం ధరకు గంపలు దింపుకునే దళారి మీద పడిన నిషేధం అది. ఆ దళారులలో మన పేర్లున్నవారు లేరా? పండ్ల మండీలలో రశీదు లేకుండా కమీషను కోసేవారిలో మన పేర్లు లేవా? తూకంలో మోసం చేసిన షుఐబ్ ప్రవక్త (అలై) జాతి గతి ఏమైందో మిహ్రాబు ముందు వింటూ, బయటకు వచ్చి తూనికరాయి కింద చింతపండు అంటించే చేతిని ఏమనాలి? బయటి వివక్ష గురించి ఎంత గట్టిగా మాట్లాడతామో దీని గురించీ అంతే గట్టిగా మాట్లాడవలసి ఉంది. మనలో ఒక్కడు తప్పుడు కాటా పెడితే నింద పేరున్న ప్రతివాడి మీదా పడుతుందని స్టూవర్టుపురంవారిని అడిగితే చెబుతారు. ఆ లెక్క అన్యాయమైనది. అయినా నడుస్తున్నది.

వచ్చే నెల నుంచి మా కార్యకర్తలు తెనాలి, బాపట్ల, రేపల్లె, చీరాల పట్టణాలలో వీధి వ్యాపారుల సర్వే జాబితాలను సేకరిస్తారు. మసీదు దగ్గర, చర్చి దగ్గర, రైల్వే గేటు దగ్గర కూర్చునే అందరి పేర్లూ రాసుకుంటారు. ఎవరి పేరు జాబితాలో లేకపోయినా దరఖాస్తు మేమే నింపి ఇస్తాము. ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు, ఎన్నేళ్ళుగా ఏ చోట అమ్ముతున్నారో చెప్పే ఏదైనా ఒక రశీదు, ఆశీలు చీటీ అయినా సరే, భద్రంగా ఉంచండి. చీటీ ఇవ్వకుండా ఆశీలు తీసుకుంటుంటే తేదీ వేసి, మొత్తం రాసి, పక్కన కూర్చున్న ఇద్దరి సంతకాలు తీసుకోండి. వేలిముద్ర అయినా చెల్లుతుంది.